డాక్టరు దగ్గరికి డూప్ వెళ్ళిన రోజులు

తల్లి కడుపులో బిడ్డ ఎలా అల్లుకుంటుందో ఏ స్కానింగూ లేని కాలం నుంచే ఎరిగిన దేవునికి స్తోత్రం. నవ్వడానికి నోరు, ఏడవడానికి కళ్ళు ఇచ్చి, ఆ రెండూ చేతకానంతగా అలిసిపోయిన వాళ్ళ పక్కన కూర్చోవడానికి నాలాంటి వాళ్ళకి జీతం కూడా ఇప్పించిన ఆయన కృపకి స్తోత్రం. మనం ఎన్ని వేషాలు వేసినా వేషం వెనక మనిషిని మాత్రమే చూసే ఆయన కళ్ళకి మరీ మరీ స్తోత్రం.

నర్సింగు చదువు ముగించుకుని ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలారా, ఈ నాలుగు ముక్కలు మీ కోసం. మన సంఘం పత్రికవాళ్ళు "మీ ఉద్యోగ జీవితంలో దేవుడు చేసిన ఒక కార్యం రాయండమ్మా" అన్నారు. ఆయన చేసినవి చాలా ఉన్నాయి. అందులో మనుషులు బాగా అడ్డుపడినది ఏదా అని వెతికితే ఇది తేలింది.

తొంభైల మొదట్లో మాట. జూబ్లీహిల్స్‌లో ఇళ్ళకంటే బండరాళ్ళు ఎక్కువగా ఉన్న రోజులు. మోతీనగర్‌లో కాపురం, జూబ్లీహిల్స్‌లో ఒక చిన్న ప్రసూతి ఆస్పత్రిలో ఉద్యోగం. మా పెద్ద డాక్టరమ్మకి చెయ్యి మెత్తన, కోపం ముక్కు మీద. వచ్చేవాళ్ళలో సగం మంది సినిమావాళ్ళు.

సినిమావాళ్ళది ఒక పని పద్ధతి. కష్టమైన పనికి ఇంకొకరిని పెడతారు. హీరో మేడ మీంచి దూకాలంటే వేరే అతను దూకుతాడు. హీరోయిన్ ఏడవాలంటే కళ్ళు ఆవిడవి, గొంతు ఇంకొకావిడది. సెట్టు మీద అది తప్పేమీ కాదు. దాన్ని ఇంటికి తెచ్చుకుంటేనే చిక్కు. ఒక నిర్మాత రక్తపరీక్షకి రమ్మంటే తన మేనేజర్ని పంపాడు. "సారూ నేనూ ఒకటే తింటామండీ, ఒకటే తాగుతామండీ. రిజల్టు ఒకటే వస్తుంది" అని ఆ మేనేజరు చొక్కా చెయ్యి మడిచి కూర్చున్నాడు. అప్పుడు అందరం నవ్వుకున్నాం. తర్వాత జరిగినదానికి నవ్వు వచ్చిందో ఏడుపు వచ్చిందో ఇప్పటికీ చెప్పలేను.

ఆ రోజుల్లో నన్ను ఫిల్మ్‌నగర్‌లో ఒక బంగళాకి రోజూ పంపేవారు. అక్కడి గర్భిణి కొన్నాళ్ళు తెర మీద వెలిగి, ఒక దర్శకుణ్ణి పెళ్ళి చేసుకుని నటన మానేసిన ఆవిడ. ఎవరా అని ఊహించకండి. ఊహిస్తే తప్పు మనిషి తగిలేలా గుర్తులన్నీ మార్చేశాను. బీపీ చూడటం, బరువు చూడటం, ఐరన్ ఇంజెక్షను ఇవ్వడం నా పని.

ఇంట్లో రాజ్యం ఆవిడ తల్లిది. కూతురు లంగా ఓణీలు కట్టే వయసులోనే కోస్తా నుంచి మద్రాసుకి, అక్కడి నుంచి హైదరాబాదుకి తీసుకొచ్చి హీరోయిన్ని చేసిన మనిషి. అల్లుడైన దర్శకుడు కూడా ఆవిడ ముందు గొంతు తగ్గించేవాడు. అందరూ అమ్మగారనే పిలిచేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని.

"నర్సమ్మా, మా అమ్మాయికి ఏ లోటూ లేదు. ఒక్క నీరసం. అంతే రాసుకో" అని మొదటిరోజే చెప్పింది.

ఆ అమ్మాయికి నీరసం కాదు. మంచం మీంచి లేస్తే తూలేది. పెదవులు ఎండిపోయి ఉండేవి. మిట్టమధ్యాహ్నం కూడా కళ్ళు మూతలు పడేవి. "కాళ్ళ నొప్పులున్నాయా అమ్మా?" అంటే కాళ్ళ వంక చూసుకునేది, అవి తనవేనా అన్నట్టు. డాక్టరమ్మకి చెబితే రక్తం తక్కువై ఉంటుంది, చూస్తూ ఉండమంది.

ఒక మధ్యాహ్నం గది దగ్గరికి వెళ్ళేసరికి తలుపు ఓరగా ఉంది. మంచం మీద మా పేషెంటు. కింద బాసింపట్టు వేసుకుని ఇంకో అమ్మాయి. అదే ఎత్తు, అదే ఒడ్డు, పొడుగు జడ కూడా అలాగే. మొహంలో మాత్రం వేడి అన్నం తిని ఎండలో తిరిగే మనిషి కళ.

"మేడమ్, పొద్దుగాల లేవంగనే ఎట్లనిపిస్తది? జర మంచిగ చెప్పుండ్రి" అంటోంది ఆ అమ్మాయి.

"బరువుగా ఉంటుంది."

"బరువంటే ఏడ? నెత్తి మీదనా, గుండెల మీదనా?"

పేషెంటు చాలాసేపు ఆలోచించింది. "తడిసిన దుప్పటి కప్పుకుని పడుకున్నట్టు. తీసేద్దామంటే చేతులు కూడా దుప్పటి కిందే ఉంటాయి."

"అబ్బ, గిది మస్తుంది మేడమ్. గిట్లనే చెప్త. మరి ఏడుపొస్తదా?"

"రాదు."

"రాదంటే ఎట్ల మేడమ్? డాక్టర్ సాబ్ ముంగట నేనేం జెయ్యాలె? పోయిన వారం గ్లిసరిన్ లేకుండనే ఏడ్చిన. పాపం ఆయన కండ్లు తుడుసుకోమని తన దస్తీ ఇచ్చిండు."

పేషెంటు పెదవి ఒక పక్కకి కదిలింది. అన్ని రోజుల్లో ఆ మొహంలో కదలిక చూడటం అదే మొదలు.

నేను లోపలికి వెళ్ళి, "ఎవరమ్మా నువ్వు?" అన్నాను.

"నేనా సిస్టరమ్మా? మేడమ్ డూప్‌ని. సినిమాల్ల గుర్రం మీద ఉరికింది నేనే, నీళ్ళల్ల దుంకింది నేనే. గిప్పుడు డాక్టర్ కాడికి గూడ నేనే పోతున్న" అంది, అదేదో ప్రమోషను అన్నట్టు.

విషయం మెల్లగా బయటికి వచ్చింది. పెళ్ళయిన కొత్తలోనే ఆ అమ్మాయికి దిగులు జబ్బు మొదలైంది. ఇప్పుడు అందరూ డిప్రెషన్ అంటున్నారే, అదే. మానసిక వైద్యుడి మెట్లు ఎక్కుతుండగా ఎవరైనా చూస్తే పరువు పోతుందని తల్లి భయం. అందుకని టోలిచౌకిలో ఒక పెద్దాయన దగ్గరికి డూప్‌ని పంపింది. బోరబండలో ఉండే ఆ అమ్మాయి వేరే పేరుతో అక్కడికి వెళ్ళి, మేడమ్ చెప్పినవి తనవిగా చెప్పి, ఆయన రాసిన మాత్రలు తెచ్చి మేడమ్‌కి ఇచ్చేది. వారం వారం ఇదే షూటింగు. ఈలోగా మేడమ్‌కి నెల తప్పింది. షూటింగు మాత్రం ఆగలేదు.

నేను ఆ అమ్మాయి ఎదురుగా కూర్చున్నాను. "గర్భం ఉందేమోనని ఆ డాక్టరు అడగలేదా?"

"ఎందుకడగలే? పోయిన నెల గూడ మాత్రలు రాసే ముంగటనే అడిగిండు. నెల తప్పినవా బేటా అన్నడు. లేదు సార్ అన్న. నాకు లేదు గద!"

"నీకు కాదే తల్లీ, ఈవిడకి!"

"గా సీన్ నాకు ఇయ్యలే సిస్టరమ్మా. అమ్మగారు చెప్పిందే చెప్పాలె, సొంత డైలాగు కొట్టొద్దన్నరు." తర్వాత కొంచెం సిగ్గుపడుతూ, "ఇంకోటి. మొన్న మంచిగ మూడొచ్చి జర ఎక్కువ జేసిన. మాత్ర డబల్ జేసిండు" అంది.

ఆ తూలడం, ఆ మత్తు ఎక్కడివో అప్పుడు తెలిసింది. ఒకరు నటించిన జబ్బుకి ఇంకొకరు మందు మింగుతున్నారు. ఆ ఇంకొకరి కడుపులో మూడో ప్రాణి, ఎవరూ దాన్ని లెక్కలోకి తీసుకోకుండా, రోజూ తన వంతు అందుకుంటోంది.

ఆస్పత్రికి వచ్చి చెప్పాను. డాక్టరమ్మ చేతిలో ఉన్న బీపీ పట్టీ బల్ల మీద విసిరేసి, కారు తియ్యమని డ్రైవర్ని కేకేసింది.

బంగళాలో అమ్మగారు ఏమాత్రం తగ్గలేదు. "మా అమ్మాయి నీళ్ళోసుకుందని పత్రికలకి ఫొటోలు ఇచ్చామండీ. పిచ్చి మాత్రలు వేసుకుంటోందని కూడా ఇవ్వమంటారా?"

"పిచ్చి కాదమ్మా, జబ్బు. షుగరు లాంటిదే అనుకోండి."

"షుగరైతే ఇంకేం? మా అన్నయ్యకుంది. నలుగురిలో గర్వంగా చెప్పుకుంటాడు."

"అసలు మనిషిని ఆ డాక్టరుకి చూపించండి. మాత్ర ఎంతుండాలో, ఉండాలో వద్దో ఆయనా నేనూ కలిసి చూస్తాం. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు" అని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అమ్మగారు అలాగేనంది. నటన కూతురికి ఎక్కడి నుంచి వచ్చిందో ఆ తలూపడం చూస్తే తెలుస్తుంది.

మర్నాడు హాల్లో కథా చర్చ పెట్టారు. కథ పేరు బిడ్డ మెదడు. గర్భంతో ఉండి అలాంటి మాత్రలు మింగితే బిడ్డకి మెదడు ఎదగదని విజయవాడ నుంచి ఎవరో చుట్టం ఫోనులో చెప్పింది. ఆ చుట్టం డాక్టరు కాదు, చీరల వ్యాపారి. అయినా ఆ మాటకి ఉన్న గౌరవం మా డాక్టరమ్మ మాటకి లేకపోయింది.

దర్శకుడు నన్ను పక్కకి పిలిచాడు. పెళ్ళాం మీద ప్రేమ ఉన్న మనిషే. భాషే పాడైపోయింది. "సిస్టర్ గారూ, బ్రెయిన్‌కి దెబ్బ ఫస్టాఫ్‌లో తగులుతుందంటారా, సెకండాఫ్‌లోనా? సెకండాఫ్ అయితే మనకింకా టైముంది కదా?"

"తెలిసిన డాక్టర్ని అడగండి బాబూ. మీ ఆవిడని వెంటబెట్టుకుని అడగండి."

వెనక నుంచి అమ్మగారు అందుకుంది. "తెలివితక్కువ బిడ్డ పుడితే ఈ ఇండస్ట్రీలో ఏం చేసుకునేది?"

"చాలామందే ఉన్నారు అత్తయ్యగారూ, బాగానే సంపాదిస్తున్నారు" అని ఆయన నోరు జారాడు. చర్చ అక్కడితో ముగిసింది.

మాత్రలు వేసుకుంటోందా అని రోజూ అడిగేదాన్ని. "ఇదుగో" అని అమ్మగారు సీసా చూపించేది. నా కళ్ళ ముందే ఒకటి కూతురి నోట్లో వేసేది. డాక్టరుకి ఎప్పుడు చూపిస్తారంటే "సీమంతం కానివ్వండి" అనేది. నాకు తెలియనిదేమిటంటే, సినిమా మొదలుపెట్టడానికి కొట్టే కొబ్బరికాయ మంచి రోజు చూసి మాత్రలు ఆపడానికి కొట్టారు. అసలు మాత్రలు తూములో పోసి, ఆ సీసాలో అదే రంగు విటమిను బిళ్ళలు నింపారు. మనిషికి డూప్ అయింది, ఇప్పుడు మాత్రకి డూప్.

కొబ్బరికాయని చూసి మనవాళ్ళు నవ్వుకోవద్దు. ఆ వారమే బోరబండలో మన స్త్రీల ప్రార్థన కూటంలో "ఒక సహోదరి దిగులు జబ్బుతో ఉంది, గర్భవతి, ప్రార్థించండి" అన్నాను. సగం మంది ప్రార్థించారు. సగం మంది ఆ సహోదరి ఎవరో కనిపెట్టే పనిలో పడ్డారు. అప్పటి మన పాస్టరు అయ్యగారు "విశ్వాసం ఉన్నచోట మాత్రతో పనేమిటమ్మా? ఉపవాసం ఉండమను" అన్నారు. ఆ మాట కళ్ళద్దాలు తుడుచుకుంటూ, షుగరు మాత్రకి వేళయిందేమోనని గడియారం చూసుకుంటూ అన్నారు.

నేను చిన్నప్పటి నుంచి లేఖనాలు వింటూ పెరిగినదాన్ని. ఒక గొప్ప ప్రవక్త, ఆకాశం నుంచి అగ్ని దింపినవాడు, అరణ్యంలో పొద కింద కూలబడి తనకిక చావు వస్తే చాలన్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు. నీ విశ్వాసం ఏమైందని అడగలేదు. దూతని పంపి రొట్టె కాల్పించాడు, నీళ్ళు ఇప్పించాడు, మళ్ళీ పడుకోనిచ్చాడు. నేను చదివినంతలో అది నర్సు పని. అయ్యగారితో ఆ మాటే చెప్పాను. ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని నా వంక చూసి, "అది నిజమే" అన్నారు. పెద్దమనిషి, ఒప్పుకున్నారు.

బంగళాలో మాత్రం రోజురోజుకీ వెలుతురు తగ్గింది. మొదట మత్తు పోయింది, బాగుపడుతోందని అమ్మగారు సంతోషించింది. తర్వాత తిండి పోయింది. నిద్ర పోయింది. బరువు పెరగాల్సిన నెలలో తగ్గింది. ఎప్పుడు చూసినా స్నానాలగదిలో నేల మీద, గోడకి ఆనుకుని కూర్చునేది.

ఆ ఇంట్లో సీమంతం రానే వచ్చింది. గేటు దగ్గర ఫొటోలవాళ్ళు, హాల్లో పట్టుచీరలు, వెండి పళ్ళేల్లో గాజులు. అమ్మగారు స్నానాలగది తలుపు దగ్గర నిలబడి బతిమాలుతోంది. "లేమ్మా బంగారూ, ఒక్క గంట కూర్చో. నవ్వక్కర్లేదు, తల దించుకుంటే చాలు, సిగ్గనుకుంటారు."

కూతురు కదల్లేదు. నేను లోపలికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. నేల చల్లగా ఉంది.

"సిస్టర్, నాకు డూప్ ఉంది కదా" అంది గోడకేసి చూస్తూ. "బిడ్డని అది పెంచుతుందిలే. నేను లేకపోయినా కంటిన్యుటీ ఏం దెబ్బతినదు."

ఇలాంటి మాట ఎంత మెల్లగా అన్నా, ఎంత నవ్వుతూ అన్నా, అది విన్నాక ఆ మనిషిని ఒంటరిగా వదలకూడదు పిల్లలారా. నేను వదల్లేదు. "నిన్ను వదిలి వెళ్ళను. ఈ రోజే ఆ డాక్టరు దగ్గరికి వెళ్దాం, నువ్వూ నేనూ" అన్నాను. ఆమె చెయ్యి పట్టుకున్నాను. వెనక్కి తీసుకోలేదు.

"వెళ్ళడమేంటి?" అని అమ్మగారు తలుపులోంచి అరిచింది. "బయట అంతమంది జనం! కుర్చీ ఖాళీగా ఉంటే ఏం చెప్పను?"

ఆ ప్రశ్నకి ఆవిడే జవాబు వెతుక్కుంది, తన అలవాటు ప్రకారం. కాసేపట్లో డూప్ పట్టుచీర కట్టుకుని, కడుపు మీద దిండు కట్టుకుని, మొహం సగం కప్పేలా పూలజడ ముందుకేసుకుని తయారైంది. నా పక్కగా వెళుతూ గుసగుసలాడింది.

"అక్కా, కొబ్బరికాయ కొట్టి మాత్రలు ఎప్పుడో బంద్ జేసిన్రు. సీసాల ఉన్నయి తాకత్ గోలీలు. చెప్తే పనిలకెల్లి తీసేస్తమన్నరు, ఇంక నాతోని గాదు. వెనక గేటు కాడ ఆటో ఆపిన. నేను కుర్సీల కూసున్నంతసేపు గీడికి ఎవ్వరు రారు. దొర్కిందే టైము, మేడమ్‌ని తీస్కపోండ్రి."

ఆమెని వెంటబెట్టుకునే పడగ్గదిలోకి వచ్చి ఫోను చేస్తే డాక్టరమ్మ ఒకటే మాట అంది. "ఇంకా అక్కడే ఉన్నావేంటి? బయలుదేరు."

వెనక గేటు దగ్గర దర్శకుడు నిలబడి ఉన్నాడు. పట్టుపంచె, మెడలో దండ. అడ్డుపడతాడేమోనని నేను నోట్లోనే ప్రార్థన మొదలుపెట్టాను. ఆయన దండ తీసి గోడ మీద పెట్టి, ఆటో డ్రైవరు పక్కన సగం సీటులో ఇరుక్కుని కూర్చున్నాడు. దారి పొడుగునా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోట డైలాగు లేకుండా అంతసేపు ఉండటం అంతకుముందు నేను చూడలేదు.

టోలిచౌకిలో బేకరీ పైన చిన్న క్లినిక్కు. మెట్లంతా బిస్కెట్ల వాసన. డాక్టరు సాబ్ తెల్లగడ్డం పెద్దాయన. జరిగిందంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు.

"అంటే ఇన్ని దినాలు నేను ఏ జబ్బు లేక సుక్కలెక్క ఉన్న పిల్లకి ఇలాజ్ చేసిన్నా? అందుకే ఎంత మందిచ్చినా ఆమెకి తగ్గలే!" ఒక్క క్షణం ఆయన మీద ఆయనకే కోపం వచ్చింది. తర్వాత కుర్చీ జరుపుకుని మా పేషెంటుకి ఎదురుగా కూర్చున్నాడు.

ఆమె ఏడవలేదు. దుప్పటి మాట చెప్పలేదు. ఆయన ఏది అడిగినా చాలాసేపటికి ఒక్క ముక్క జవాబు. ఆయన తొందరపడలేదు. కింద బేకరీలో ఎవరో బేరమాడి వెళ్ళిపోయారు, ఇంకెవరో వచ్చారు.

"ఆ పిల్ల ప్రతిసారీ మంచిగ ఏడ్చేది" అన్నాడు చివరికి నాతో. "ఈ బేటీకి ఏడ్వడానికి గూడ తాకత్ లేదు. జబ్బు ఈమెది."

అప్పుడు ఆమె తలెత్తింది. "మీరడిగినవన్నీ అది నన్ను అడిగేది. నేను చెప్పినవే మీకు చెప్పింది. ఏడుపు ఒక్కటే దానిది."

"ఆ పిల్ల గాక మీ ఇంట్ల ఇంకెవరన్న అడిగిన్రా బేటా, ఎట్లున్నవని?"

ఆమె భర్త వంక చూసింది. భర్త నేల వంక చూశాడు.

తల ఎత్తకుండానే దర్శకుడు అడిగాడు. "బిడ్డ బ్రెయిన్ సంగతి, డాక్టర్ గారూ?"

"తెలిసింది తెలుసంటా, తెలియంది తెలియదంటా. సరేనా?" అన్నాడు పెద్దాయన. "మాత్ర బిడ్డకి చేరుతది, అబద్ధం చెప్ప. పుట్టినంక కొన్ని దినాలు చేతులు వణకొచ్చు, చిరాకుగ ఏడ్వొచ్చు. చూసుకుంటే తగ్గుతది. పెద్దయినంక మెదడు ఎట్లుంటదో పూరా చెప్పేటోడు ఈ దునియాల ఇంకా పుట్టలే. ఖరాబైతదని గూడ ఎవ్వరు రుజువు చెయ్యలే. కానీ తిండి లేక, నిద్ర లేక, బతకాలని లేక ఉన్న తల్లి కడుపుల బిడ్డకి మంచిది కాదని నాకు తెలుసు. రెండు తూకం వెయ్యాలె. ఈమెని నిలబెట్టేంత మందు, అంతకంటె ఒక్క రవ్వ ఎక్కువ వద్దు. మీ డాక్టరమ్మ, నేను కలిసి చూస్తం. ఆపాల్నంటే మేము ఆపుతం, మెల్లగ. కొబ్బరికాయతోని కాదు."

అన్నీ అయ్యాక ఆయన ఆమెతో ఇంకో మాట అన్నాడు. "మందు నేనిస్త. తింటవా లేదా నువ్వు చెప్పాలె. నీ అమ్మ గాదు, ఈ బాబు గాదు."

"తింటాను" అంది. ఆ పూట తనంతట తాను తీసుకున్న మొదటి నిర్ణయం అదే. బయటికి వచ్చాక కింద బేకరీలో ఒక బిస్కెట్టు సగం తిని, మిగిలిన సగం భర్త చేతిలో పెట్టింది. ఆయన దాన్ని ఆటోలో ఇంటిదాకా అలాగే పట్టుకుని కూర్చున్నాడు.

ఇంటికి వచ్చేసరికి సీమంతం ముగిసింది. వెళ్ళిపోతున్న ఒక పెద్ద ముత్తయిదువ "అమ్మాయికి కడుపుకళ వచ్చేసింది వదినగారూ, మొహం వెలిగిపోతోంది" అంటోంది. డూప్ మోచేతుల దాకా గాజులతో సీమంతం కుర్చీలో దర్జాగా లడ్డూ తింటోంది. దిండు కొంచెం పక్కకి జారింది.

అమ్మగారు మమ్మల్ని చూసి అదిరిపడింది. మొదటి మాట, "ఎవరైనా చూశారా?"

"డాక్టరు చూశాడు అత్తయ్యగారూ. ఇన్నాళ్ళకి" అన్నాడు దర్శకుడు. ఆయన గొంతు పెరగలేదు, తగ్గనూ లేదు.

ఆ తర్వాత ప్రతి వారం క్లినిక్కుకి మా పేషెంటే వెళ్ళింది, మొహం కప్పుకోకుండా. ఏ పత్రికా రాయలేదు. ఎవరికీ అంత తీరిక లేదు. కోలుకోవడం సినిమాలోలాగా పాట అయిపోయేలోగా జరగలేదు. ఒక వారం కొంచెం తినేది, ఇంకో వారం మళ్ళీ గోడ వైపు తిరిగేది. కాని స్నానాలగది నేల మీద కూర్చోవడం మానేసింది. నెలలు నిండాక మా ఆస్పత్రిలోనే ఆడపిల్లని కన్నది.

పెద్దాయన చెప్పినట్టే బిడ్డ చేతులు వణికాయి. సన్నగా, గీరినట్టు ఏడ్చేది. పాలు సరిగ్గా పట్టేది కాదు. ముందే తెలుసు కనుక మేము భయపడలేదు. తల్లి గుండె మీద ఒళ్ళూ ఒళ్ళూ తగిలేలా పడుకోబెట్టి, గదిలో వెలుతురూ మాటలూ తగ్గించి కనిపెట్టుకుని ఉన్నాం. మాటలు తగ్గించాలంటే అమ్మగారిని బయట కూర్చోబెట్టాల్సి వచ్చింది. అది ప్రసవం కంటే కష్టమైంది. కొన్ని రోజులకి వణుకు పోయింది, పాలు పట్టింది.

అక్కడి నుంచి ఫిల్మ్‌నగర్ అంతా ఆ పిల్ల మెదడు మీద పడింది. సంగతి ఎలా పొక్కిందో తెలియదు గాని, చూడటానికి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక పరీక్ష పెట్టేవారు. ఒకాయన చిటికెలు వేసి చూసేవాడు. ఒకావిడ హీరోల ఫొటోలు చూపించి ఎవరికి నవ్వుతుందో గమనించేది. "మావాడు ఈ వయసుకి డైలాగు చెప్పేవాడు" అని ఒక నటుడి తల్లి అంది. ఆమె కొడుకు ఇప్పటికీ ప్రాంప్టింగు లేకుండా డైలాగు చెప్పలేడు. పిల్ల తుమ్మినా, తుమ్మకపోయినా అమ్మగారు మాత్రలనే తిట్టేది.

అమ్మగారికి నచ్చిన ముహూర్తం దొరక్క తొమ్మిదో నెల దాకా ఆగిన అన్నప్రాసనకి నన్ను పిలిచారు. మన ఆచారం కాదు గాని, బిడ్డని కడిగి బట్టలో చుట్టిన చేతులు కదా, వెళ్ళాను. తివాచీ మీద క్లాప్ బోర్డు, కలం, బంగారు గొలుసు, పుస్తకం, కథ ఫైలు పరిచారు. పిల్ల ఏది పట్టుకుంటే అది దాని భవిష్యత్తు. అక్కడున్న అందరికీ అది భవిష్యత్తు కాదు, ఫైనల్ పరీక్ష. హాలంతా ఊపిరి బిగబట్టి మెడలు చాపింది. అమ్మగారు క్లాప్ బోర్డుని టపటపలాడిస్తోంది.

పిల్ల కూర్చుని అన్నిటినీ ఒకసారి చూసింది. తర్వాత పాకడం మొదలుపెట్టింది. బంగారం దాటింది, పుస్తకం దాటింది, వాళ్ళ నాన్న కథ ఫైలు మీద మోకాలు వేసి మరీ దాటింది. తివాచీ చివర కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్ళి, చీర పట్టుకుని లేచి, ఆమె ముక్కు పట్టుకుని "బ్బూ" అంది.

తల్లి కూడా "బ్బూ" అంది.

పిల్ల కిలకిలా నవ్వి ఇంకొంచెం గట్టిగా అంది. తల్లి ఇంకా గట్టిగా అంది. ఆ ఇద్దరూ హాలుని, తివాచీని, మమ్మల్నందరినీ మరిచిపోయారు. ఆమె నవ్వు నేను వినడం అదే మొదటిసారి. తెర మీద విన్న నవ్వు వేరే గొంతుదట. అసలు గొంతు కొంచెం బొంగురు.

"ఏదీ పట్టుకోలేదేంటి వదినా?" అని ఎవరో జాలిగా అన్నారు.

"సరిగ్గా పెట్టలేదు. పిల్లని వెనక్కి తెచ్చి మళ్ళీ కూర్చోబెట్టండి. ఇంకో టేక్!" అంది అమ్మగారు.

"వద్దమ్మా" అంది కూతురు, బిడ్డ మీంచి కళ్ళు తిప్పకుండానే. "అయిపోయింది."

ఆ పిల్ల మెదడు ఏమైందని మీరు అడుగుతారు. బాగానే పెరిగింది. లెక్కల్లో వెనకబడిందని మాత్రం విన్నాను. వాళ్ళ నాన్న సినిమాల బడ్జెట్లు తెలిసినవాళ్ళెవరూ అందుకు మాత్రలని తప్పుపట్టరు. ఈ రోజుల్లో డాక్టర్లకి అప్పటికంటే చాలా తెలుసు. అయినా ప్రతి తల్లికీ కొత్తగా తూకం వేసే చూస్తారు. మీ దగ్గరికి ఇలాంటి తల్లి వస్తే "అమ్మో, ఆపెయ్" అనకండి, "ఏం కాదులే, వేసుకో" అని కూడా అనకండి. వెంటబెట్టుకుని డాక్టరు ముందు కూర్చోబెట్టండి. ముందు ఒకసారి అడగండి, ఎలా ఉన్నావని.

ఇంతవరకు చదివినవాళ్ళు ఒక్క నిమిషం తల వంచి నాతో కూడా ప్రార్థించండి.

ప్రభువా, విటమిను సీసాల్లో మందులు దాచుకుని మింగుతున్న తల్లులని జ్ఞాపకం చేసుకో. వాళ్ళ కడుపులో నీవు అల్లుతున్న పనిని నీ చేతులతోనే ముగించు. తెలియదని ఒప్పుకోగల వైద్యులని మా మధ్య పెంచు. ఆ టోలిచౌకి పెద్దాయన నిన్ను ఏ పేరుతో పిలిచాడో నీకే తెలుసు, ఆయన ఇంటివాళ్ళని చల్లగా చూడు. వారం వారం ఇంకొకరి దుఃఖాన్ని శ్రద్ధగా అడిగి తెలుసుకున్న ఆ బోరబండ అమ్మాయి ఇప్పుడు ఎక్కడుందో నాకు తెలియదు. ఆమె ఎక్కడున్నా, ఆమె ఎలా ఉందని అడిగే మనిషిని ఒకరిని పంపు. పంపడానికి ఎవరూ దొరక్కపోతే, ఇది చదువుతున్న మాలో ఒకరిని లేపు. ఆమేన్.